గల్లంతు

కలెక్టరాఫీసులో ఫారం చూస్తూ గుమాస్తా అడిగాడు:
"వృత్తి?"
"చేపలమ్ముతా."
"భర్త?"
పామంజి చెంగమ్మ నా వంక చూసింది.
"గల్లంతు అని రాయొచ్చునా, అబ్బయ్యా?"
ఆ గడిలో అంత చోటు లేదు.

గల్లంతైన మనిషి
చచ్చాడని కాగితం మీదికి రావాలంటే
ఏడేళ్ళు ఆగాలంట.
ఆరేళ్ళ పది నెలలు ఆగింది పిన్ని.
ఎన్ని ఆఫీసులకి ఎన్ని మెట్లో నిద్రలో అడిగినా చెబుతుంది.
ఇక ఇట్టా కాదని
మెట్ల పైన కూర్చునే వాళ్ళ మీదే పోటీకి దిగింది,
ఏకంగా పార్లమెంటుకి.
"ఎమ్మెల్యేకి వెయ్యకూడదా, దగ్గరవుద్ది" అన్నా.
"సముద్రం ఢిల్లీ వాళ్ళదంటగా" అంది.

ధరావతు పాతికవేలు.
కమ్మలకి పద్నాలుగొచ్చింది,
మిగతాది ఐసు వ్యాపారి దగ్గర నూటికి ఐదు వడ్డీ.
బలపరిచిన పదిమందిలో ఆరుగురివి వేలిముద్రలు.
ఉప్పుకి గీతలరిగిన వేళ్ళు,
మళ్ళీ మళ్ళీ నొక్కించారు.

గుర్తుకి పడవ అడిగింది.
లాటరీలో పడవ ఇంకెవరికో పోయి
ఈమెకి ఎయిర్ కూలర్ వచ్చింది.
రేవు రేవంతా నవ్వింది:
"గాలి పుట్టే చోట కూలరేందమ్మా!"

ఆ నెలంతా గాలి మాటే.
టీవీలో ఒకళ్ళ గాలి, టీకొట్లో అవతలోళ్ళ గాలి.
పిన్ని తెల్లారుజామున గుడిసె ముందు నిలబడి
తడి చెంప తిప్పి చూసేది.
"కొండగాలిరా ఇది. పొద్దెక్కితే తిరగబడుద్ది."

మైకులో మాట్లాడ్డం రాదు ఆమెకి.
అరవడం వచ్చు.
నెత్తళ్ళో, వంజరమో అని అరిచే గొంతుతోనే
కావలి బజార్లో నా ఆటోలోంచి
"కూలరో... కూలర్" అంది.
ఒకావిడ గిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

పోలింగు ముందు రాత్రి
కాపులు దురాయి పెట్టారు:
పాళెమంతా ఒకే గుర్తుకి, దాటితే తప్పు ఐదువేలు.
గుడి కప్పుకి డబ్బు అప్పటికే ముట్టింది.
పిన్ని ఆడవాళ్ళ చివర కూర్చుని అంతా వింది.
లేచేటప్పుడు చీరకంటిన ఇసక దులుపుకుంది,
అంతే.

నెల్లూరులో లెక్కింపు.
ఇనప వల అవతల బల్లలు, ఇవతల మేం.
వలని చేప వైపు నించి చూడ్డం
నాకదే మొదలు.

మా పాళెం పెట్టెలో మూడు.
ఒకటి ఆమెది. ఒకటి నాది.
మూడోదెవరిదో
కాపులు ఇంకా ఆరా తీస్తానే ఉన్నారు.

మొత్తం రెండువేల నూటనలభైమూడు.
నోటాకి అంతకి ఐదింతలు.
"ధరావతు గల్లంతు" అన్నాడు పక్కనున్న పార్టీ ఏజెంటు,
అందరూ అనే మాటే, మామూలుగానే.
పిన్ని చప్పున తలెత్తింది.
"దానికెన్నేళ్ళు ఆగాలంట?"

ఆగక్కర్లా.
మూడింటికల్లా తేల్చేశారు.

దారిలో కాగితం చదివి వినిపించా.
సీతారాంపురం అవతల, కొండకింద ఏదో పల్లె.
మేం పోనే లేదు, నా ఆటో ఆ ఎత్తు ఎక్కదు.
అక్కడ పదిహేడు.
"పై గుర్తనుకోని నొక్కుంటారు పిన్నీ."
"పదిహేడు మందీనా?"
అల్లూరు దాటిందాకా మళ్ళీ మాట్లాడలా.

తెల్లారి నేను పోయేసరికి
మిగిలిన కూలరు కరపత్రాల్లో
ఎండు నెత్తళ్ళు పొట్లాలు కడతా ఉంది.
ఉదయగిరి బస్సు ఎన్నింటికని అడిగింది.
"ఓటెవరిదో చెప్పరు గదా, యాడని ఇస్తావ్?"
"వాసనకి తలుపు తీసినోళ్ళకి."

పదిహేడు సంచిలో సర్దింది.
పద్దెనిమిదోది గూట్లో పెట్టింది,
ఆయన బీడీకట్ట పక్కన.
అదెవరికో
నేనడగలా.